టెన్షన్ గోలీ ఆపాక ఒంట్లో కరెంటు ఎందుకు కొడుతుంది?

చెవిలో కీచురాయి అరుస్తున్నట్టుందని ఈఎన్‌టీ దగ్గరికి, దవడ బిగుసుకుపోయిందని పళ్ల డాక్టరు దగ్గరికి, గుండె దడగా ఉందని ఈసీజీకి, తలలో కరెంటు కొడుతోందని ఎమ్మారైకి. హైదరాబాద్‌లో ఈ నాలుగు చోట్లా తిరిగి, నాలుగు చోట్లా "అంతా నార్మల్" అనిపించుకుని ఇంటికొచ్చేవాళ్లున్నారు. వాళ్లలో కొందరి సంగతి ఇంట్లో బీరువా అరలో, సగం ఖాళీ అయిన స్ట్రిప్పు దగ్గరే తేలిపోతుంది. "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అని పది రోజుల కింద ఆపేసిన టెన్షన్ గోలీ అది. "ఏం మందులు వాడుతున్నారు?" అని డాక్టరు అడుగుతారు. ఆపేసిన మందు వాడుతున్న మందుల్లోకి రాదు కాబట్టి ఎవరూ చెప్పరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు గత రెండు నెలల్లో మానేసినవి కూడా కలపాలి.

కాబట్టి ముందు స్ట్రిప్పు తిప్పి వెనక ఉన్న చిన్నక్షరాలు చదవండి. "టెన్షన్ గోలీ" అన్న ఒక్క పేరు మీద మెడికల్ షాపులో చాలా రకాల మందులు నడుస్తాయి. అల్ప్రాజోలం, క్లోనజెపాం, లోరాజెపాం, డైజిపాం, ఎటిజోలాం ఒక వంశం. ఆల్‌ప్రాక్స్, రివోట్రిల్, లోనాజెప్, అటివాన్, వేలియం, ఎటిజోలా అని మీకు తెలిసిన పేర్లు వీటివే. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ రెండో వంశం. ఇవి రోజూ వేసుకుంటే వారాల మీద పనిచేసేవి. గుండె దడకూ చేతి వణుకుకూ ఇచ్చే ప్రొప్రనలాల్ మూడోది. నరాల నొప్పి పేరుతో మొదలై టెన్షన్‌కి కూడా వాడే ప్రీగాబాలిన్ నాలుగోది. ఆపినప్పుడు ఒక్కోటి ఒక్కో తీరుగా తిరగబడుతుంది.

మన దేశంలో ఇంకో చిక్కు "ప్లస్" గోలీలు. పది మిల్లీగ్రాముల ఎస్సిటాలోప్రామ్, అర మిల్లీగ్రాము క్లోనజెపాం ఒకే గోలీలో కలిపినవి ఇక్కడ చాలా మామూలు. నెక్సిటో ప్లస్‌లో ఉన్నవి ఈ రెండు మందులే. ఎటిజోలాంతోనో క్లోనజెపాంతోనో ప్రొప్రనలాల్ కలిపిన "బీటా" గోలీలూ ఉన్నాయి. మీరు ఆపింది ఒక గోలీయే అనుకుంటారు. ఒంటికి మాత్రం ఒకే రాత్రి రెండు మందులు ఆగిపోయాయి. అందుకే ఈ గోలీలు ఆపినవాళ్ల లక్షణాలు ఏ ఒక్క మందు లెక్కకూ సరిపోక కలగాపులగంగా ఉంటాయి.

అసలు ఎందుకిలా అవుతుంది? మెదడులో గాబా అనే రసాయనం బ్రేకు లాంటిది. అల్ప్రాజోలం వంశం ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా పడేలా చేస్తుంది. నెలల తరబడి ఇలా జరిగితే మెదడు ఊరుకోదు. గాబాకి స్పందించడం తగ్గించుకుంటుంది, ఉత్తేజపరిచే గ్లూటమేట్ వైపు బలం పెంచుకుంటుంది. ఇటు నుంచి మీరు తలుపు తోస్తుంటే అటు నుంచి ఎవరో ఎదురు తోస్తున్నట్టన్నమాట. మీరు చటుక్కున చెయ్యి తీస్తే తలుపు మీ మొహం మీదికే వస్తుంది. అటువైపు తోసేవాడికి సంగతి తెలిసి బలం తగ్గించుకోవడానికి వారాలు పడుతుంది, కొందరిలో నెలలు. దీన్ని వ్యసనం అనకూడదు. తెలుగులో రెండిటికీ "అలవాటు పడటం" అనే మాటే వాడతాం కాబట్టి డాక్టరు రాసిన మోతాదులో, రాసినట్టే వేసుకున్న పెద్దావిడ కూడా సిగ్గుపడి నోరు విప్పదు. వ్యసనం లేకుండానే ఒళ్లు మందుకు అలవాటు పడుతుంది. కొన్ని వారాలు రోజూ వాడితే చాలు. 2020 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వంశం మొత్తానికీ మందు సమాచార పత్రంలో గడి కట్టిన గట్టి హెచ్చరికలో ఈ విషయం కూడా చేర్పించింది.

ఇక ఆ వింత లక్షణాలు. అల్ప్రాజోలం వంశం కండరాలను కూడా వదులు చేస్తుంది కాబట్టి ఆపితే కండరాలే ముందు మొండికేస్తాయి. దవడ బిగుస్తుంది, అందువల్ల పళ్లన్నీ నొప్పెడతాయి. పుచ్చు పన్ను ఒక్కటి నొప్పెడుతుంది. ఇది అలా కాదు, ఇవాళ కుడివైపు, రేపు ఎడమవైపు. కనురెప్ప, పిక్క, బొటనవేలు వాటంతట అవే అదురుతాయి. పడుకున్నప్పుడు ఒంట్లో ఎక్కడో ఫోను వైబ్రేట్ అవుతున్నట్టు ఉంటుంది, చెయ్యి పెట్టి చూస్తే బయటికేమీ తెలియదు. చర్మం మీద చీమలు పాకినట్టు, అరికాళ్లలో మంట, మాడు మీద తిమ్మిరి, నాలుక చివర కాలినట్టు, నోట్లో పాత రూపాయి బిళ్ల పెట్టుకున్నట్టు ఇనుప రుచి. నడుస్తుంటే నేల పడవలా ఊగుతుంది.

చెవీ కన్నూ కూడా అంతే. స్టీలు గిన్నె కింద పడితే గుండెల్లో పడ్డట్టుంటుంది. కుక్కర్ విజిల్ భరించలేరు, పక్క వీధిలో బరాత్‌కి మర్ఫా మోగుతుంటే చెవులు మూసుకుని బాత్రూంలో కూర్చుంటారు. చెవి పాడైపోలేదు, వచ్చే చప్పుడును తగ్గించి పంపే వడపోత కొన్నాళ్లు పనిచేయడం లేదు. ట్యూబులైటు వెలుగు గుచ్చుకోవడం, ఎదుటి మనిషి అద్దం వెనక ఉన్నట్టు అనిపించడం, తన చెయ్యి తనది కానట్టు ఉండటం కూడా ఇందులోవే. ఈ చివరిదానికి జనం ఎక్కువ హడలిపోతారు, "పిచ్చెక్కుతోందా" అని. అద్దం వెనక ఉన్నట్టుందని మీకే తెలుస్తోందంటే మతి మీ అధీనంలోనే ఉంది.

ఎస్సిటాలోప్రామ్, పారాక్సెటిన్ ఆపినప్పుడు కరెంటు షాకులు ఎక్కువ. కళ్లు పక్కకు తిప్పగానే తలలో "జివ్వు"మని ఒక్క క్షణం, కొన్నిసార్లు పెదాల దాకా, వేళ్ల దాకా. ఇవి ఫిట్స్ కావు, స్పృహ తప్పదు. కానీ బండి మీద యూటర్న్ దగ్గర తల తిప్పి వెనక చూసే క్షణంలోనే ఇవి వస్తాయి కాబట్టి ఆ వారాల్లో టూవీలర్ తీయకపోవడం మంచిది. మెట్రో ఎక్కండి. వీటితోపాటు వాంతి వచ్చినట్టుండటం, విరేచనాలు, సినిమా రీళ్లలా సాగే కలలు, ఒళ్లంతా ఫ్లూ వచ్చినట్టు నొప్పులు, ఊరికే ఏడుపు. ఈ మందులు పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద. మన ఒంట్లో అది ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటుంది, అందుకే పొట్ట ఇంత గోల చేస్తుంది. నిన్న తిన్న బిర్యానీ మీద నెపం పెట్టే ముందు తేదీలు చూసుకోండి.

తేదీలు చూడటం ఎలాగంటే, ప్రతి మందుకీ ఒంట్లో సగానికి తగ్గే సమయం ఒకటుంటుంది. అలాంటివి ఐదు గడిస్తే మందు దాదాపు ఖాళీ. అల్ప్రాజోలంకి అది సుమారు 12 గంటలు, అంటే రెండున్నర రోజుల్లో ఖాళీ. గొడవ ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. ఎటిజోలాం ఇంకా తొందర. క్లోనజెపాంకి 30 నుంచి 40 గంటలు, వారం దాకా ఉంటుంది కాబట్టి మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య మొదలు. డైజిపాంకి వారం దాటాక కూడా రావచ్చు. అప్పటికి మనిషి "ఆపేశాను, ఏమీ కాలేదు" అని అందరికీ చెప్పేసి ఉంటాడు. ఎస్సిటాలోప్రామ్‌కి సుమారు 30 గంటలు, రెండు నుంచి నాలుగు రోజుల్లో తెలుస్తుంది. పారాక్సెటిన్, దాని దగ్గరి చుట్టం వెన్లాఫాక్సిన్ ఈ విషయంలో అన్నిటికన్నా కఠినం. ఈ రెండో వంశంలోదే అయిన ఫ్లూయోక్సెటిన్ తనంతట తానే వారాల మీద దిగిపోతుంది, అందుకే దానితో బాధ తక్కువ.

ఈ లెక్క తెలిస్తే, "రోజు తప్పించి రోజు వేసుకుంటూ మానేస్తాను" అన్న పద్ధతి ఎందుకు పనికిరాదో కూడా తెలుస్తుంది. అల్ప్రాజోలం రోజు తప్పించి వేసుకుంటే మధ్య రోజంతా ఒళ్లు మందు లేక అల్లాడుతుంది, మర్నాడు మళ్లీ నిండుతుంది. అది తగ్గించడం కాదు, వారానికి మూడుసార్లు ఆపడం. రోజుకొక్కసారి రాత్రి అల్ప్రాజోలం వేసుకునేవాళ్లకి ఆపకుండానే సాయంత్రం ఐదింటికి చేతులు వణకడం, చెమటలు పట్టడం జరిగేదీ ఇందుకే. చాలామంది దాన్ని జబ్బు ముదరడం అనుకుని మోతాదు పెంచుకుంటారు.

పాత ఆందోళనే తిరిగొచ్చిందా, లేక మందు ఆపినందుకా? నేను మూడు చూస్తాను. ఎప్పుడు మొదలైంది: ఆపిన రోజుల్లోనే అయితే మందు వల్ల, నెలల తర్వాత మెల్లగా అయితే జబ్బే కావచ్చు. ఇంతకు ముందు ఎప్పుడూ లేనివి ఉన్నాయా: కరెంటు షాకులు, ఇనుప రుచి, చప్పుడుకు అదిరిపడటం పాత జబ్బులో లేకపోతే ఇప్పుడూ ఆ జబ్బువి కావు. ఎలా నడుస్తోంది: జబ్బు చాలావరకు రోజూ ఒకేలా ఉంటుంది, ఇది అలల్లా వస్తుంది. రెండు రోజులు తేలిగ్గా ఉండి, మూడో రోజు మళ్లీ మొదటికొచ్చినట్టు అనిపిస్తుంది.

అయితే అన్నీ దీని నెత్తినే రుద్దకూడదు. కాళ్ల తిమ్మిర్లకు బీ12 తక్కువ కావడం మనవాళ్లలో చాలా ఉంది, ముఖ్యంగా శాకాహారుల్లో, ఏళ్ల తరబడి షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్‌గానీ గ్యాస్ గోలీలుగానీ వాడేవాళ్లలో. దడ, వణుకు, చెమటలకు థైరాయిడ్. షుగర్ ఉన్నవాళ్లకు వణుకు రాగానే ముందు గ్లూకోమీటరు. ఎస్సిటాలోప్రామ్ వాడుతున్న పెద్దవాళ్లలో సోడియం పడిపోవచ్చు, తూలడం, మగతగా ఉండటం దానివల్ల కూడా. బీ12, థైరాయిడ్‌కి చేసే టీఎస్‌హెచ్, సోడియం, షుగర్: ఈ నాలుగు పరీక్షలు ఎమ్మారై కన్నా చవక.

తగ్గించడం గురించి ఇప్పుడు కాస్త వివరంగా. ఇది డాక్టరు దగ్గర కూర్చుని వేసుకోవాల్సిన లెక్కే. కానీ లెక్క మీకూ తెలిసుండాలి, ఎందుకంటే రద్దీ ఓపీలో "సగం చేసి రెండు వారాలకు ఆపెయ్" అనే మాటతో సరిపెట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది. అమెరికాలో 2025లో వెలువడిన వైద్య మార్గదర్శకాలు ఈ వంశం మందులను రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించడంతో మొదలుపెట్టమంటాయి. రెండు వారాల్లో 25 శాతం దాటొద్దంటాయి. ఆ శాతం ఇప్పుడు వేసుకుంటున్న మోతాదులో శాతం, మొదట్లో వేసుకున్నదానిలో కాదు. తప్పంతా ఇక్కడే జరుగుతుంది.

క్లోనజెపాం రాత్రి 0.5 మి.గ్రా. ఏడాదిగా వేసుకుంటున్నారనుకోండి. చేతిలో 0.25 గోలీలు, మందుల షాపులో దొరికే గోలీ కట్టరు ఉన్నాయి. 0.25ని నాలుగు ముక్కలు చేస్తే ముక్క 0.0625. ప్రతిసారీ ఒక ముక్క తీసేస్తే 0.5 నుంచి 0.4375కి దిగడం పన్నెండున్నర శాతమే, ఒళ్లు పెద్దగా పట్టించుకోదు. 0.3125 నుంచి 0.25కి 20 శాతం. అక్కణ్నుంచి అదే ముక్క తీస్తే 25 శాతం, తర్వాత 33, తర్వాత 50. చివరి ముక్క తీసేస్తే నూటికి నూరు. ముక్క సైజు మారలేదు, దెబ్బ మాత్రం ఎనిమిది రెట్లు పెరిగింది. "అంతా బాగానే తగ్గించాను, చివర్లో చిన్న ముక్క దగ్గర పడిపోయాను" అనే మాట వెనక ఉన్నది ఈ లెక్కే. అందుకే 0.25 దగ్గరికి వచ్చాక వేగం తగ్గించాలి, లేదా డాక్టరు డైజిపాంకి మారుస్తారు. డైజిపాం 2 మి.గ్రా. గోలీలో పావు ముక్క 0.5 మి.గ్రా. బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో 1982 నుంచి 1994 వరకు ఈ మందులు మాన్పించే క్లినిక్ నడిపిన ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ లెక్క ప్రకారం 0.5 క్లోనజెపాం 10 మి.గ్రా. డైజిపాంకి సమానం. ఆ లెక్కన 0.25కి 5 మి.గ్రా. డైజిపాం, అందులో పావు ముక్కలు పది. నాలుగు మెట్ల చోట పది మెట్లు దొరుకుతాయి. అయితే సమానాల పట్టికలన్నీ ఒకే మాట చెప్పవు, పైగా డైజిపాం పెద్దవాళ్ల ఒంట్లో, లివర్ సరిగా లేనివాళ్ల ఒంట్లో పేరుకుపోయి రాత్రి బాత్రూంకి లేచినప్పుడు పడేస్తుంది. అందుకే ఈ మార్పిడి సొంతంగా చేయకూడదు.

ఎస్సిటాలోప్రామ్‌దీ అదే తీరు. 20 నుంచి 10కి దిగడం కంటే 5 నుంచి సున్నాకి దిగడం కష్టం, ఎందుకంటే చిన్న మోతాదే మెదడులో ఎక్కువ పని చేసేస్తుంది, పైపైన వేసేది కొసరు. 2019లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో హొరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు ఈ వంపు గీసి చూపించాక, చివర్లో చిన్న చిన్న మెట్లు వేసుకోవాలన్న మాట బలపడింది. ప్లస్ గోలీ అయితే ముందు రెండు మందులనూ విడివిడి గోలీలుగా రాయించుకోండి. రెండూ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి తగ్గించాలి. ఎస్‌ఆర్ అని ఉన్న అల్ప్రాజోలం కట్ చేయకూడదు, కట్ చేస్తే రోజంతా మెల్లగా రావాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. ప్రొప్రనలాల్ ఒక్కసారిగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయి, గుండె జబ్బున్నవాళ్లకి అది ప్రమాదం. వారం రెండు వారాల మీద దింపాలి. ప్రీగాబాలిన్‌కి కనీసం వారం.

మధ్యలో పాడుచేసేవి కొన్నున్నాయి. విరేచనాలకు మెడికల్ షాపువాళ్లు చేతిలో పెట్టే ఆఫ్లాక్సాసిన్ కలిసిన గోలీ, సిప్రోఫ్లాక్సాసిన్ గాబా బ్రేకుకు అడ్డం పడతాయి, ఫిట్స్ రావడాన్ని తేలిక చేస్తాయి. నడుం నొప్పికి ట్రమడాల్ కూడా అంతే. టీబీకి వాడే రిఫాంపిసిన్ అల్ప్రాజోలంని ఒంట్లోంచి తొందరగా ఖాళీ చేస్తుంది, అంటే మీరు గోలీ వేసుకుంటూనే ఉన్నా ఆపినట్టే. ముక్కు దిబ్బడ గోలీలు దడ పెంచుతాయి. ఇరానీ చాయ్ పూర్తిగా మానక్కర్లేదు, అది కూడా ఒక్కసారి మానితే తలనొప్పే. సాయంత్రంవి ఆపండి చాలు.

మందు సంగతి, అంటే మన భాషలో అదే మాట ఉన్న రెండో మందు సంగతి. సారా, బీరు ఏదైనా పనిచేసేది ఇదే బ్రేకు మీద. అయ్యప్ప మాల వేసుకున్న రోజే మందూ గోలీ రెండూ కలిపి ఆపేసేవాళ్లుంటారు. 41 రోజుల దీక్ష మొదటి వారంలోనే ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరే దారి అది. రోజూ తాగేవాళ్లు మాల వేయడానికి నెల ముందే డాక్టరుతో మాట్లాడాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేదీ అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేటే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి కల్లు దుకాణాలు మూతపడగానే వణుకు, ఫిట్స్, మతి తప్పిన మాటలతో జనం హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి క్యూ కట్టింది అందుకే. గోలీ పేరే తెలియనివాళ్లకి కూడా గోలీ ఆపిన జబ్బు వచ్చింది.

ఏది వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినది? ఫిట్స్, లేనివి కనబడటం వినబడటం, తేదీ ఊరు తెలియనంత తికమక, జ్వరంతో ఒళ్లు కొయ్యబారిపోవడం, స్పృహ తప్పడం, చచ్చిపోవాలన్న ఆలోచన. 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైము చూడండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో స్పూను పెట్టడం వద్దు. మనసు బాగోక మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. "ఎర్రగడ్డ" అన్న మాట మనకు తిట్టైపోయింది కాబట్టి అక్కడికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు గాంధీ, ఉస్మానియా, నిమ్స్ సైకియాట్రీ ఓపీలకు వెళ్లొచ్చు.

ఇప్పటికే ఆపేసి ఉంటే? ఆపి కొద్ది రోజులే అయి, బాధ ఎక్కువగా ఉంటే డాక్టర్లు సాధారణంగా చివరిసారి సుఖంగా ఉన్న మోతాదుకు తీసుకెళ్లి, అక్కణ్నుంచి మెల్లగా దింపుతారు. నెలలు దాటితే పాత మోతాదు పూర్తిగా మళ్లీ మొదలుపెట్టకూడదు, అప్పటికి ఒంటికి అలవాటు తప్పి ఉంటుంది, మత్తు ఎక్కువవుతుంది. బాధ భరించలేని రోజున మాత్రం ఒకటి వేసుకుని, మూడు రోజులు మానేసి, మళ్లీ ఒకటి వేసుకోవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

తగ్గిస్తున్నవాళ్లు ఇంట్లో వారానికి సరిపడా గోలీలు ఎప్పుడూ ముందుగా ఉంచుకోవాలి. అల్ప్రాజోలం, డైజిపాం హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. షాపువాళ్లు చీటీ చూసి డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. దసరా రోజు రాత్రి చీటీ లేకుండా వెళ్తే ఇవ్వరు, ఇవ్వకపోవడమే వాళ్ల పని. ఉపవాసం రోజున గోలీ కూడా మానేయడం వద్దు, శివరాత్రికైనా నీళ్లతో వేసుకోండి.

ఓపీకి వెళ్లేటప్పుడు ఒక కాగితం చాలు. మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లు వాడారు, చివరి గోలీ ఏ తేదీన, ఎన్ని గంటలకు, మొదటి లక్షణం ఏ తేదీన, మధ్యలో వేసుకున్న వేరే మందులు. ఆ కాగితానికి పాత స్ట్రిప్పు కూడా పిన్ను కొట్టండి. "తెల్ల గోలీ, చిన్నది" అని చెప్తే పోల్చుకోవడం ఎవరి వల్లా కాదు.